నడుము నొప్పికి ఫిజియోథెరపీ: మగ్గం మానకుండా కోలుకోవడం ఎలా?

ప్రశ్న: నా వయసు 43 ఏళ్లు. భూదాన్ పోచంపల్లి దగ్గరి ఒక గ్రామంలో గుంట మగ్గం (నేలలోని గుంటలోకి కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం) మీద ఇక్కత్ పట్టుచీరలు నేస్తాను. రెండేళ్లుగా నడుము నొప్పి వస్తూ పోతూ ఉంది. మూడు నెలల నుంచి అది ఎడమ పిర్ర మీదుగా పిక్కలోకి, అక్కడి నుంచి పాదం పైభాగంలోకి దిగుతోంది. బొటనవేలి దగ్గర తిమ్మిరిగా ఉంటోంది. ఎంఆర్ఐ తీస్తే ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుములోని నాలుగో, ఐదో పూసల మధ్య, డిస్కు (పూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల) ఉబ్బి నరాన్ని తాకుతోందని రాశారు. డాక్టరు గారు మందులిచ్చి ఫిజియోథెరపీకి పంపారు. అక్కడ పది రోజులు కరెంటు పెట్టారు, ట్రాక్షన్ (నడుమును లాగి పట్టి ఉంచే చికిత్స) వేశారు. ఆ పూటకు హాయిగా ఉండేది, మగ్గం మీద కూర్చోగానే మళ్లీ మొదలయ్యేది. ఇప్పుడు బెల్టు కట్టుకుని నేస్తున్నాను. నొప్పి భరించలేని రోజు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుంటున్నాను. ఎదురుకాళ్లతో పుట్టిన పిల్లవాడితో తొక్కించుకుంటే పోతుందని మా అత్తమ్మ అంటున్నారు. ఆపరేషన్ చేయించుకొమ్మని మా బావ, మగ్గం మానెయ్యమని ఇంకొకరు చెబుతున్నారు. పిల్లల చదువులు ఈ మగ్గం మీదే నడుస్తున్నాయి. ఫిజియోథెరపీతో నిజంగా తగ్గుతుందా? నన్నేం చేయమంటారు?

సమాధానం: ముందు మీ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పి, తర్వాత వివరాల్లోకి వెళ్తాను. మీ ఇబ్బంది తగ్గే అవకాశం చాలా ఎక్కువ. మగ్గం మానేయవలసిన పరిస్థితి మీ ఉత్తరంలో నాకు కనిపించలేదు. అయితే ఆ పది రోజుల్లో మీకు అందినది ఫిజియోథెరపీలో చిన్న భాగం మాత్రమే. మీ నడుముకు తగిన వ్యాయామమేదో పరీక్షించి కనిపెట్టడం, దాన్ని మీ చేత చేయించడం, మగ్గం దగ్గర మీరు కూర్చునే తీరును సరిచేయడం, క్రమంగా వీపుకూ కాళ్లకూ బలం పెంచడం అన్నవి అసలు భాగం. అది ఇంకా మొదలే కాలేదు కాబట్టి, ఫిజియోథెరపీ పనిచేయలేదని అప్పుడే తేల్చుకోకండి.

వ్యాయామం మొదలుపెట్టేముందు ఈ రోజే ఇంట్లో ఒక పరీక్ష చేసుకోండి. గోడ పక్కన నిలబడి, తూలితే పట్టుకునేందుకు వీలుగా, ముందు మడమల మీద ఓ పది అడుగులు, తర్వాత మునివేళ్ల మీద పది అడుగులు నడవండి. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని రెండు బొటనవేళ్లనూ పైకి లేపి ఉంచి, ఇంట్లో ఎవరినైనా వాటిని వేలితో కిందికి నొక్కమని చెప్పి, రెండు వైపులా బలం ఒకేలా ఉందో లేదో చూడమనండి. ఎల్4-ఎల్5 డిస్కు ఉబ్బినప్పుడు సాధారణంగా ఒత్తిడి పడేది ఎల్5 నరం మీద. పాదం పైభాగానికి స్పర్శనిచ్చేదీ, బొటనవేలిని పైకి లేపే కండరాన్ని నడిపించేదీ ఆ నరమే. మీరు చెప్పిన తిమ్మిరి సరిగ్గా ఆ దారిలోనే ఉంది, అంటే మీ రిపోర్టూ మీ బాధా ఒకదానితో ఒకటి కలుస్తున్నాయి. తిమ్మిరి ఉన్నా బలం రెండు వైపులా సమానంగా ఉంటే కంగారు పడనక్కర్లేదు. ఎడమ బొటనవేలు చిన్న ఒత్తిడికే వంగిపోతున్నా, మడమల మీద నడుస్తున్నప్పుడు ఎడమ పాదం ముందుభాగం నేలకు వాలిపోతున్నా మాత్రం వ్యాయామాలను పక్కన పెట్టి, ఒకటి రెండు రోజుల్లోనే వెన్నెముక డాక్టరుకు చూపించుకోండి.

ఇంకొన్ని లక్షణాలను మీతోపాటు మీ ఇంట్లోవాళ్లు కూడా గుర్తుపెట్టుకోవాలి. మూత్రం బిగుసుకుపోవడం లేదా తెలియకుండా పడిపోవడం, మలవిసర్జన మీద అదుపు తప్పడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్లూ ఒక్కసారిగా బలహీనపడడం, వీటిలో ఏది కనిపించినా అది తెల్లారేదాకా ఆగే విషయం కాదు, ఆ రాత్రే న్యూరోసర్జరీ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. నడుము అడుగున ఉన్న నరాల గుత్తి నలిగిపోతున్నప్పుడు గంటల ఆలస్యం కూడా శాశ్వత నష్టాన్ని మిగల్చవచ్చు. అలాగే సాయంత్రం పూట జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గకుండా రాత్రంతా వేధించే నొప్పి ఉంటే దాన్ని మామూలు నడుము నొప్పిగా తీసుకోకూడదు. మన దేశంలో వెన్నుపూసలకు క్షయ సోకడం ఇప్పటికీ చూస్తున్నాం, దానికి మందులు తప్ప వ్యాయామం చికిత్స కాదు. మీ ఉత్తరంలో వీటిలో ఏదీ లేదు, కాబట్టి మిగతాదంతా ఇవేవీ లేవన్న నమ్మకంతోనే రాస్తున్నాను.

ఎంఆర్ఐ రిపోర్టు చదివి మీరు భయపడ్డారని అర్థమవుతోంది. నొప్పి బొత్తిగా లేని 3 వేల మందికి పైగా ఆరోగ్యవంతుల స్కాన్లను పరిశీలించిన పరిశోధనలన్నింటినీ క్రోడీకరించి 2015లో ఒక సమీక్ష వెలువడింది. ఏ బాధా లేని 40 ఏళ్లవారిలో కూడా సగం మందికి డిస్కు ఉబ్బు ఉన్నట్టు, దాదాపు 68 శాతం మందికి డిస్కు అరుగుదల ఉన్నట్టు అందులో తేలింది. అంటే వయసుతోపాటు జుట్టు నెరిసినట్టే డిస్కులోనూ మార్పులు వస్తాయి. మీ విషయంలో ఆ ఉబ్బు నరాన్ని రేపుతోంది కాబట్టి దాన్ని పట్టించుకోవాలి, అది నిజమే. కానీ డిస్కు పైపూసకూ కిందిపూసకూ గట్టిగా అతుక్కుని ఉంటుంది. వంగితే ఊడిపోతుందేమో, దగ్గితే జారిపోతుందేమో అని నడుమును కర్రలా బిగించుకుని తిరగవలసిన పని లేదు. పైగా బయటికి పొడుచుకొచ్చిన డిస్కు భాగాన్ని మన శరీరమే కొన్ని నెలల్లో కరిగించి కుదించడం చాలామందిలో జరుగుతుంది. ఉబ్బు పెద్దదైనకొద్దీ అలా కుదించుకునే అవకాశం ఎక్కువగా ఉండడం స్కాన్లలో డాక్టర్లు తరచుగా గమనించిన విషయం.

ఇక పది రోజుల చికిత్స హాయి ఇచ్చి మళ్లీ ఎందుకు మొదటికి వచ్చిందన్నది. కరెంటు యంత్రం నొప్పి తాలూకు సంకేతాలను కాసేపు మందగింపజేస్తుంది. ట్రాక్షన్ పూసల మధ్య ఒత్తిడిని బల్ల మీద ఉన్నంతసేపు కొంత తగ్గిస్తుంది. బల్ల దిగి, బస్సెక్కి, ఇంటికొచ్చి, గుంటలోకి కాళ్లు దించి ముందుకు వంగేసరికి ఆ ప్రభావం మిగలదు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పిపై ఇచ్చిన మార్గదర్శకాలలో ట్రాక్షన్‌నూ, అల్ట్రాసౌండ్ తరంగాల చికిత్సనూ, టెన్స్ అనే కరెంటు చికిత్సనూ, నడుము బెల్టులనూ మామూలు చికిత్సగా వాడవద్దని చెప్పింది. క్రమబద్ధమైన వ్యాయామాన్నీ, రోగికి తన నొప్పి గురించి అర్థమయ్యేలా చెప్పడాన్నీ, కొన్ని రకాల చేతి చికిత్సలనూ సిఫారసు చేసింది. నొప్పి తీవ్రంగా ఉన్న మొదటి రోజుల్లో రోగి కదలగలిగేలా చేయడానికి కాసేపు వేడి కాపడమో కరెంటో పెట్టడంలో తప్పు లేదు. దాంతోనే పది రోజులూ గడిపేసి పంపడం సరికాదు. మన ఊళ్లలో చాలా క్లినిక్‌లలో ఇదే జరుగుతోందని చెప్పడానికి ఈ వృత్తిలో ఉన్నదానిగా నాకు బాధగా ఉంది. యంత్రం పెట్టి పక్క గదిలోకి వెళ్లిపోవడం సులువు, మనిషి పక్కన నిలబడి వ్యాయామం నేర్పడానికి సమయం, ఓర్పు కావాలి. ఆ సమయాన్ని అడిగి తీసుకునే హక్కు మీకుంది.

మీకు పనికొచ్చే వ్యాయామాన్ని ఎలా కనిపెడతారో చెబుతాను. 1956లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి పిర్ర నుంచి కాల్లోకి నొప్పి దిగే ఒక రోగి వస్తుండేవాడు. వారాల తరబడి చికిత్స చేసినా గుణం లేదు. ఒక రోజు అతను తలవైపు ఎత్తుగా లేపి ఉన్న బల్ల మీద, ఎవరూ సరిచేయకముందే, బోర్లా పడుకున్నాడు. అంటే నడుము బాగా వెనక్కి వంగి ఉంది. ఐదు నిమిషాల తర్వాత వచ్చి చూస్తే కాలి నొప్పి పోయిందని అతను చెప్పాడు. నడుమును ఏ దిశలో కదిలిస్తే కాలిలోని నొప్పి వెనక్కి, నడుము వైపుకు మళ్లుతుందో ఆ దిశే ఆ రోగికి మందు అన్న పద్ధతిని మెకెంజీ అక్కడి నుంచి అభివృద్ధి చేశారు. ఈ రోజు ప్రపంచమంతటా ఫిజియోథెరపిస్టులు ఆ పద్ధతిలో పరీక్షిస్తున్నారు. మీరు రోజంతా ముందుకు వంగే పని చేస్తారు, నడుము వెనక్కి వంగే సందర్భమే దాదాపు రాదు. అందువల్ల మీకు ఈ వెనక్కి వంచే వ్యాయామం కలిసొచ్చే అవకాశం ఎక్కువని నా అంచనా. కానీ అందరికీ అదే సరిపోదు కాబట్టి పరీక్షించి చూడాలి.

చేసే తీరు ఇది. నేల మీద చాప, దాని మీద దుప్పటి పరిచి బోర్లా పడుకోండి. తల ఒక పక్కకు తిప్పి, చేతులు పక్కన వదిలేసి, రెండు మూడు నిమిషాలు ఊపిరి తీసుకుంటూ నడుమును వదులు చేయండి. తర్వాత మోచేతుల మీద లేచి, నడుము కిందికి వేలాడేలా వదిలి, మరో రెండు మూడు నిమిషాలు ఉండండి. అది ఇబ్బంది లేకపోతే అరచేతులను భుజాల దగ్గర నేలకు ఆనించి, చేతుల బలంతో మాత్రమే ఛాతీని పైకి లేపండి. పొట్ట కింది భాగం, తొడలు నేలకే ఉండాలి, వీపు కండరాలను బిగించకూడదు. చూడడానికి భుజంగాసనంలాగే ఉంటుంది గానీ, ఇక్కడ పని చేసేవి చేతులు, నడుము వేలాడుతూ ఉంటుంది. పైన ఒకటి రెండు సెకన్లు ఆగి దిగండి. ఇలా పదిసార్లు చేసి లేచి నడిచి చూసుకోండి. కాలిలోని నొప్పి పాదం నుంచి పిక్కకు, పిక్క నుంచి తొడకు, తొడ నుంచి పిర్రకు వెనక్కి తగ్గుతూ వస్తే, ఆ సమయంలో నడుము దగ్గర నొప్పి కొంచెం పెరిగినా సరే, మీరు సరైన దారిలో ఉన్నట్టు. అప్పుడు దాన్ని మెలకువగా ఉన్నంతసేపు రెండు మూడు గంటలకోసారి చేయవచ్చు. అలా కాక నొప్పి గానీ తిమ్మిరి గానీ ఇంకా కిందికి, వేళ్లలోకి దిగి, లేచి నడిచినా అక్కడే ఉండిపోతే వెంటనే ఆపేయండి. ఫిజియోథెరపిస్టు మీ ఎదుటే వేరే దిశను, లేదా నడుమును కొంచెం పక్కకు జరిపి చేసే పద్ధతిని చూస్తారు.

కాలి నొప్పి వెనక్కి మళ్లడం మొదలయ్యాక, సాధారణంగా రెండు మూడు వారాలకు, బలం పెంచే దశ వస్తుంది. చాలామంది నొప్పి తగ్గిందని ఇక్కడే మానేస్తారు, అందుకే ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ వస్తుంది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పిర్రలు బిగించి నడుమును పైకెత్తి నిలపడం ఒకటి. ఒక పక్కకు తిరిగి పడుకుని మోచేయీ మోకాలూ ఆనించి తుంటిని పైకెత్తడం మరొకటి. మూడోది చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి చేసేది, దీన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే దీన్ని తప్పుగా చేసేవారే ఎక్కువ. మణికట్లు భుజాల కింద, మోకాళ్లు తుంటి కింద ఉండేలా కుదురుకోండి. ఎడమ చేతిని ముందుకు, కుడి కాలిని వెనక్కి చాపండి. కాలు ఎంత పైకి లేచిందన్నది లెక్క కాదు. నడుము మీద నీళ్లు నింపిన గ్లాసు పెడితే ఒలకనంత స్థిరంగా ఉందా లేదా అన్నదే లెక్క. ఎనిమిది పది సెకన్లు నిలిపి దించి, వైపు మార్చండి. ఒక్కో వైపు ఐదారుసార్లతో మొదలుపెట్టి, వారానికి కొంచెం చొప్పున పెంచుకోండి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద దశాబ్దాలపాటు పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ ప్రచారం చేసిన మూడు వ్యాయామాలలో పక్కకు తిరిగి చేసేదీ, ఇదీ ఉన్నాయి. ఆ తర్వాత నెలకు బరువులెత్తడం నేర్చుకోవాలి. నడుమును వంచకుండా తుంటి దగ్గర మడిచి, ముందు ఐదు కిలోల సంచి, కుదిరిన కొద్దీ పది, ఆపైన పాతిక కిలోల బియ్యం బస్తా వరకు. నడుము నొప్పి వచ్చినవాళ్లు జీవితాంతం బరువెత్తకూడదన్న సలహాను నేను ఒప్పుకోను. పల్లెలో బతికే మనిషికి బిందె ఎత్తక, బస్తా జరపక గడవదు, అందుకే నడుమును అందుకు సిద్ధం చేయడం కూడా చికిత్సలో భాగమే.

నడక గురించి ఒక మాట. 2024లో ఆస్ట్రేలియాలో 701 మందితో చేసిన పరిశోధనలో, నడుము నొప్పి నుంచి అప్పుడే కోలుకున్నవారిని రెండు బృందాలుగా చేసి, ఒక బృందానికి ఫిజియోథెరపిస్టు సలహాతో క్రమంగా పెంచుకుంటూ పోయే నడక అలవాటు చేశారు. వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట దాకా నడవడం లక్ష్యం. నడిచినవారిలో సగం మందికి నొప్పి తిరగబెట్టేసరికి 208 రోజులు పడితే, ఏ ప్రత్యేక సలహా లేనివారిలో 112 రోజులే పట్టింది. రూపాయి ఖర్చు లేని పని ఇది. కాలి నొప్పి వల్ల ఇప్పుడు ఐదు నిమిషాలకే ఆగవలసి వస్తే ఐదు నిమిషాలే నడవండి, కానీ రోజుకు నాలుగుసార్లు నడవండి.

మీ మగ్గం దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీరు రోజుకు అరగంట వ్యాయామం చేసి, ఎనిమిది పది గంటలు నడుమును రేపే భంగిమలో కూర్చుంటే లాభం నిలవదు. గుంట మగ్గం దగ్గర నడుముకు మూడు చిక్కులున్నాయి. మొదటిది కూర్చునే చెక్క. అది మరీ కిందికి ఉంటే తుంటి వెనక్కి దొర్లి వీపు గూనిలా వంగుతుంది. చెక్క మీద గట్టి దూది మెత్తనో, మడత పెట్టిన గోనెసంచో వేసి, వెనకవైపు కాస్త ఎత్తుగా, ముందువైపు వాలుగా ఉండేలా సర్దుకోండి. తుంటి మోకాళ్లకన్నా కొంచెం పైన ఉంటే నడుము తనంతట తానే నిటారుగా నిలుస్తుంది. రెండోది వెలుతురు, చూపు. ఇక్కత్‌లో ప్రతి పేకపోగునూ (అడ్డపోగునూ) నమూనాకు కలుస్తోందో లేదో చూసి సర్దుకోవాలి కాబట్టి, వెలుతురు చాలని గదిలో మీ తల బట్ట మీదికి వంగిపోతుంది. పైగా 43 ఏళ్ల వయసులో చత్వారం మొదలై ఉంటుంది. చూపు కుదిరే దూరం కోసం మనిషి తనకు తెలియకుండానే మెడనూ వీపునూ వంకరగా పెడతాడు. కళ్ల పరీక్ష చేయించుకుని, మగ్గానికీ కంటికీ మధ్య దూరం కొలిచి చెప్పి దానికి తగిన అద్దాలు తీసుకోండి. బట్ట మీద నేరుగా పడేలా ఒక ఎల్ఈడీ దీపం వేలాడదీయండి. నడుము నొప్పికి కళ్లద్దాలేమిటని అనుకోవద్దు, చేతితో సన్నని పని చేసేవారిలో ఇది నేను తరచూ చూసే కారణం.

మూడోది అన్నింటికన్నా పెద్దది, లేవకుండా కూర్చోవడం. గుంటలోంచి కాళ్లు పైకి తీసి లేవడం శ్రమ కాబట్టి, ఒకసారి దిగితే గంటల తరబడి అలాగే ఉండిపోతారు. గడియారం చూసుకుని లేవమంటే నేతలో సాగదు. అందుకని కండెలను (పేకనూలు చుట్టిన చిన్న గొట్టాలను) గుర్తుగా పెట్టుకోండి. మీకు అరగంటకు ఎన్ని కండెలు అయిపోతాయో ఒక రోజు గమనించి, అన్ని కండెలకోసారి తప్పనిసరిగా గుంటలోంచి పైకి రండి. నిలబడి, అరచేతులు నడుము వెనక పెట్టుకుని, మోకాళ్లు వంచకుండా ఐదారుసార్లు వెనక్కి వంగండి, గుమ్మం దాకా నడిచి రండి. రెండు నిమిషాల పని. పడుగు (నిలువు పోగులు) అతికే రోజుల్లో ముందుకు వంగి కూర్చోవడం మరీ ఎక్కువ కాబట్టి ఆ పనిని ఇంట్లో మరొకరితో విడతలుగా పంచుకోండి. వానాకాలంలో గుంటలో నీరూరే ఇళ్లలో చాలామంది కాళ్లను ఒక పక్కకు పెట్టుకుని నేస్తుంటారు, అలా మెలితిరిగి కూర్చోవడం నడుముకు మరింత హాని.

డబ్బు సమకూరే వీలుంటే గుంట మగ్గం బదులు నేల మీద నిలబెట్టే స్టాండు మగ్గానికి మారడం గురించి ఆలోచించండి. బల్ల మీద కూర్చుని నేస్తారు కాబట్టి లేవడం, కూర్చోవడం తేలిక. హైదరాబాద్‌లోని వీవర్స్ సర్వీస్ సెంటర్‌లోనూ, జిల్లా చేనేత జౌళి శాఖ కార్యాలయంలోనూ అందుకు సాయం దొరుకుతుందేమో అడగండి. మీ జిల్లాకే చెందిన చింతకింది మల్లేశం గారి సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆసు పోయడంలో, అంటే అద్దకానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పడంలో, వేల సార్లు చేయి అటూ ఇటూ ఆడించి తల్లి పడుతున్న బాధ చూడలేక ఆయన 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ యంత్రం ఎన్ని వందల భుజాలను కాపాడిందో ఆలోచిస్తే, పనిముట్టును మార్చడం కూడా వైద్యమేనని నాకు అనిపిస్తుంది.

మీరు ప్రస్తావించిన మిగతా విషయాలు. బెల్టు ఒక్కసారిగా విసిరేయనక్కర్లేదు. దూరప్రయాణంలోనో, నొప్పి బాగా ఉన్న రోజు గంటో రెండు గంటలో వాడి, బలం పెంచే వ్యాయామాలు మొదలైన రెండు మూడు వారాల్లో మానేయండి. ఎదురుకాళ్లతో పుట్టిన పిల్లవాడితో తొక్కించుకోవడం మీ అత్తమ్మ గారు ప్రేమతో చెప్పిన మాటే. కొత్తగా పట్టేసిన నడుము చాలామందికి కొద్ది రోజుల్లో తనంతట తానే వదులుతుంది, అందుకే తొక్కించుకున్నవారికి దాని వల్లే తగ్గిందనిపిస్తుంది. కాల్లోకి నొప్పి దిగుతున్నప్పుడు నడుము మీద అదుపు లేని బరువు పడడం మంచిది కాదు, వద్దని మర్యాదగా చెప్పండి. ఆర్ఎంపీ సూదుల విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఆపేయండి. ఆ సూదిలో ఏ మందు ఉందో చాలాసార్లు రోగికి తెలియదు. నొప్పి మందులు తరచూ వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బీపీ, షుగరు ఉన్నవారికి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. నొప్పి తగ్గేవరకు మాత్ర అవసరమైతే, మిమ్మల్ని చూసిన డాక్టరు రాసిన మోతాదులో, రాసినన్ని రోజులే వేసుకోండి. పడక గురించి మీరు అడగలేదు గానీ, కటిక నేల మీదే పడుకోవాలన్న నియమమేమీ లేదు. మరీ మెత్తగానూ మరీ గట్టిగానూ కాని పరుపు మీద, పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టుకుని పడుకుంటే కాలి నొప్పి చాలామందికి సర్దుకుంటుంది. బీడీ, సిగరెట్ అలవాటు ఉంటే అది డిస్కులకు కూడా చేటే.

ఆపరేషన్ విషయంలో మీ బావగారి మాటను పూర్తిగా కొట్టిపారేయను. 2007లో నెదర్లాండ్స్‌లో, 6 నుంచి 12 వారాలుగా తీవ్రమైన కాలి నొప్పి ఉన్న 283 మందిపై చేసిన పరిశోధనలో, వెంటనే ఆపరేషన్ చేయించుకున్న బృందానికి, ఆగి చూసిన బృందానికన్నా నొప్పి త్వరగా తగ్గింది. కానీ ఏడాది తిరిగేసరికి రెండు బృందాలలోనూ 95 శాతం మంది కోలుకున్నామని చెప్పారు. ఆగి చూసిన బృందంలో 39 శాతం మందికి మాత్రం తర్వాత ఆపరేషన్ అవసరమైంది. మరోవైపు, నాలుగు నెలల నుంచి ఏడాది దాకా కాలి నొప్పి తగ్గకుండా ఉండిపోయినవారిపై కెనడాలో జరిగి 2020లో వెలువడిన పరిశోధనలో ఆపరేషన్‌తో కాలి నొప్పి ఎక్కువగా తగ్గింది. మీరు ఇప్పుడు మూడు నెలల దగ్గర ఉన్నారు. అందుకని నా సలహా ఏమిటంటే, బలం తగ్గనంతవరకు మరో 6 నుంచి 8 వారాలు పైన చెప్పిన పద్ధతిలో నిష్ఠగా చేయండి. అప్పటికీ కాలి నొప్పి రాత్రి నిద్ర పట్టనివ్వకుండా, పని చేసుకోనివ్వకుండా ఉంటే వెన్నెముక సర్జన్‌తో మాట్లాడండి. అది ఓటమేమీ కాదు. ఆ తర్వాత కూడా ఇవే వ్యాయామాలు, మగ్గం దగ్గర ఇవే మార్పులు కావాలి కాబట్టి ఇప్పుడు పడే శ్రమ ఎటూ వృథా కాదు. ఒకటి గుర్తుంచుకోండి. ఆపరేషన్ తగ్గించేది ముఖ్యంగా కాలిలోకి దిగే నొప్పిని, నడుములోని నొప్పిని కాదు.

ఈ నెలల్లో నొప్పి సాఫీగా తగ్గుతూ పోదు. పది రోజులు బాగుండి, ఒక పెళ్లికి వెళ్లి వచ్చిన మర్నాడో, ఆర్డరు తొందరలో రాత్రిదాకా నేసిన మర్నాడో మళ్లీ పట్టేయవచ్చు. అలాంటప్పుడు డిస్కు మళ్లీ పాడైందని భయపడి వారం రోజులు మంచమెక్కకండి. రెండు రోజుల విశ్రాంతి సరిపోతుందని, ఏడు రోజులు పడుకోవడం వల్ల అదనపు లాభం లేదని 1986లోనే అమెరికాలో జరిగిన ఒక పరిశోధన చూపించింది. ఆ రెండు రోజులూ వేడి కాపడం పెట్టుకుని, బోర్లా పడుకునే వ్యాయామం మాత్రం మెల్లగా చేస్తూ, ఇంట్లోనే అటూ ఇటూ నడుస్తూ ఉండండి. మూడో రోజు నుంచి సగం పనితో మగ్గం మీద కూర్చోండి.

మళ్లీ ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు బీపీటీ లేదా ఎంపీటీ (ఫిజియోథెరపీలో డిగ్రీ లేదా పీజీ) చదివినవారేనా అని అడిగి తెలుసుకోండి, అడగడం తప్పు కాదు. 2021లో పార్లమెంటు చేసిన చట్టం ఫిజియోథెరపీని గుర్తింపు పొందిన వైద్య అనుబంధ వృత్తులలో చేర్చింది. మంచి ఫిజియోథెరపిస్టు మొదటి రోజే మీ పాదం బలాన్నీ, స్పర్శనూ, మోకాలి దగ్గరా మడమ దగ్గరా సుత్తితో తట్టి ప్రతిచర్యలనూ, కాలిని నిటారుగా పైకెత్తి నరం ఎక్కడ లాగుతోందో చూస్తారు. మీ పని గురించి అడుగుతారు. ఇంట్లో చేయవలసినవి రెండో మూడో నేర్పి, తర్వాతిసారి మీరు ఎలా చేస్తున్నారో చేయించి చూస్తారు. ఇవేవీ లేకుండా నేరుగా యంత్రం తగిలిస్తే, వ్యాయామం నేర్పమని మీరే అడగండి, నేర్పకపోతే వేరొకరిని చూసుకోండి. రోజూ సిట్టింగుకు డబ్బు పెట్టవలసిన పని కూడా లేదు. మొదటి రెండు వారాలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికో పది రోజులకో ఒకసారి వెళ్లి వ్యాయామాన్ని ముందుకు పెంచుకుంటే చాలు. ఖర్చు భారమైతే ప్రభుత్వ పెద్దాసుపత్రులకు వెళ్లవచ్చు, మీ జిల్లాలోనే బీబీనగర్ ఎయిమ్స్ ఉంది, హైదరాబాద్‌లో నిమ్స్ ఉంది.

వెళ్లేటప్పుడు ఎంఆర్ఐ ఫిల్ములతోపాటు మరొకటి కూడా తీసుకెళ్లండి. మీరు మగ్గం మీద నేస్తుండగా పక్క నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి ఫోన్‌లో చెరో నిమిషం వీడియో మీ పిల్లల చేత తీయించుకోండి. గుంట మగ్గం మీద మనిషి ఎలా కూర్చుంటాడో పట్నంలోని ఫిజియోథెరపిస్టు ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. మీ నడుము ఏ క్షణంలో, ఏ కాలు తొక్కినప్పుడు, ఏ వైపుకు వంగుతోందో ఆ వీడియోలో కనిపిస్తే మీకు నేర్పవలసిన వ్యాయామమూ, మగ్గం దగ్గర మార్చవలసిన అంశమూ రెండూ అక్కడికక్కడే తేలిపోతాయి.